ఘాట్‌లో టైరు పంచరైతే

తిరుపతి-మదనపల్లె దారిలోని భాకరాపేట ఘాట్‌లో టైరు పంచరైతే సడన్ బ్రేకు వేయొద్దు. స్టీరింగు గట్టిగా పట్టుకుని, మెల్లగా మలుపు దాటించి చదునైన చోట ఆపండి. రిమ్ము పోయినా పోనీ, మలుపులో మాత్రం ఆగొద్దు. హజార్డ్ లైట్లు వేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, చక్రాలకు పల్లం వైపు రాళ్లు అడ్డం పెట్టండి. బండిలో ఎవరూ కూర్చోకూడదు.

చాలామంది తప్పు చేసేది నట్ల దగ్గరే. చక్రం నేలమీద ఉండగానే వాటిని అర చుట్టు వదులు చేయాలి. జాకీ ఎత్తాక పానా మీద బలం వేస్తే బండి ఊగి జాకీ జారిపోతుంది. జాకీని డోరు కింది అంచులో గాడి ఉన్నచోటే పెట్టండి. స్టెప్నీని ముందే బండి కిందకు తోసి ఉంచితే, జాకీ జారినా బండి దానిమీద ఆగుతుంది. నట్లు ఎదురెదురుగా బిగించి, కిందకు దించాక మళ్లీ గట్టిగా బిగించండి. స్టెప్నీ సన్నరకమైతే 80 కిలోమీటర్ల వేగం దాటొద్దు.