తాబేలున్న ఇంట్లో నాకొచ్చిన జ్వరం

మొదట అందరూ టైఫాయిడ్ అనుకున్నారు. వానాకాలంలో విశాఖపట్నంలో చలిజ్వరం, కడుపునొప్పి, విరేచనాలు కలిసి వస్తే ఎవరికైనా ముందు తట్టేది అదే. నాకు అరవై ఎనిమిదేళ్లు, చాలా కాలంగా షుగరు ఉంది. మర్నాటికి విరేచనంలో రక్తపు జీర కనబడింది, నాలుక పిడచకట్టుకుపోయింది, లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మాయి. ఓఆర్ఎస్ కూడా కడుపులో నిలవకపోవడంతో మా అబ్బాయి నన్ను ఎంవీపీ కాలనీలో ఒక ఆసుపత్రిలో చేర్చి సెలైన్ పెట్టించాడు.

క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షలో రక్తంలోనూ మలంలోనూ సాల్మొనెల్లా అనే క్రిమి బయటపడింది గానీ, అది టైఫాయిడ్ తెచ్చే రకం కాదు. టైఫాయిడ్ క్రిమి మనుషుల్లోనే ఉంటుంది. ఈ రెండో తరహా క్రిములు జంతువుల పేగుల్లో కాపురముంటాయి. రిపోర్టు చూసిన డాక్టరుగారు, "అమ్మా, మీ ఇంట్లో కోళ్లు గానీ తాబేళ్లు గానీ ఉన్నాయా?" అని అడిగారు.

మధురవాడలోని మా పెరట్లో ముప్పై కిలోలు దాటిన సల్కాటా తాబేలు ఉంది. మన నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం చట్టరీత్యా నేరం; ఇది ఆఫ్రికా జాతిది, మా అబ్బాయి దీనికి ప్రభుత్వ నమోదు చేయించాడు. నేను దాన్ని ఏనాడూ ముట్టుకోలేదు. కానీ నాలుగేళ్ల మా మనవరాలు పొద్దస్తమానం దాని వెంటే తిరిగేది, దాని డిప్ప నిమిరేది, అది పడుకుని పేడ వేసే నీళ్ల తొట్టిలోనే చేతులు ఆడించేది. ఆ చేత్తోనే నా కంచంలోని పప్పన్నం కెలికేది. తను వదిలేసిన ముద్దలు నేను తినేదాన్ని. పాపకూ ఆ వారమే విరేచనాలు పట్టుకున్నాయి గానీ, యాంటీబయాటిక్ అవసరం లేకుండా ఓఆర్ఎస్, జింకుతోనే తగ్గాయి.

ఆరోగ్యవంతులకు ఈ జబ్బు సాధారణంగా 4 నుంచి 7 రోజుల్లో దానంతటదే తగ్గుతుందనీ, అయిదేళ్ల లోపు పిల్లల్లో, 65 దాటినవారిలో, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో మాత్రం రక్తంలోకి పాకవచ్చనీ డాక్టరుగారు చెప్పారు. నాకు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ నరానికి ఎక్కించారు. జ్వరం దిగాక కూడా నీరసం వదల్లేదు. ఇంటికొచ్చాక చాలా రోజులు గంజి, మజ్జిగ తప్ప ఏదీ సహించలేదు. షుగరు అదుపులోకి రావడానికి మరికొంత కాలం పట్టింది.

తాబేలును కంబాలకొండ అడవిలో వదిలేయమని ఒక బంధువు సలహా ఇచ్చారు. పరదేశపు జంతువును మన అడవిలోకి తోలడం దానికీ అడవికీ కూడా చేటే, అందుకు నేను ఒప్పుకోలేదు. దానికి మందులు వేయించినా లాభం లేదట: సాల్మొనెల్లా వల్ల తాబేలుకు ఏ బాధా ఉండదు, క్రిమి అప్పుడప్పుడే బయటికి వస్తుంది, కాబట్టి ఒక పరీక్షలో ఏమీ కనిపించకపోతే అది లేదని అర్థం కాదు. యాంటీబయాటిక్ వేస్తే క్రిమి పూర్తిగా పోదు సరికదా, మందుకు లొంగనిదిగా తయారు కావచ్చు.

అందుకని పెరడునే మార్చుకున్నాం. తాబేలు తిరిగే చోటికి సిమెంటు ఇటుకలతో అడ్డుగోడ కట్టించాం. కంచె అయితే, దాని సందుల్లోంచి అవతల కనిపిస్తే సల్కాటా దాన్ని అదేపనిగా తోస్తుంది. దాని తొట్టిని బయటి కుళాయి దగ్గరే కడుగుతాం, వంటింటి సింకులో గానీ స్నానాలగదిలో గానీ కాదు. దానికి ఆకుకూర తరిగే కత్తి వేరు, లోపలికి వెళ్లిన చెప్పులు ఆ గోడ దగ్గరే ఉంటాయి, బయటికి వచ్చినవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

క్రిమి కంటే ముందు దాని బరువుకు భయపడాలని ఇప్పుడు నాకనిపిస్తుంది. బెదిరితే అది కాలును డిప్పలోకి లాక్కుంటుంది, ఆ సందులో పాప వేలుంటే నలిగిపోతుంది. గోడకూ డిప్పకూ మధ్య పసిపాదం చిక్కినా అంతే. పళ్లు లేకపోయినా దాని నోటి అంచు ముళ్ల కలబందను తుంచగలదు. ఆషాఢంలో పాప కాళ్లకు గోరింటాకు పెడితే, ఎర్రటి ఆ వేళ్లను చూసి తిండి అనుకుని మెడ చాచి వచ్చింది. కోడలు పాపను ఎత్తుకుంది.

"మామ్మా, నేనెప్పుడు ముట్టుకోవాలి?" అని పాప రోజూ అడుగుతుంది. అయిదేళ్లు నిండాక, నాన్న పక్కనుండగా, తల వైపు కాకుండా వెనకవైపు డిప్ప మీద మాత్రమే, ఆ తరువాత సబ్బుతో చేతులు కడుక్కునే షరతు మీద అని చెప్పాను. అందాకా గోడ ఇవతల స్టూలు మీద నిలబడి, నాన్న చేత దానికి గడ్డి వేయిస్తోంది.