తలుపు ఇప్పుడు బాగానే పడుతోంది

పెరటి తలుపు పని అయిపోయింది. చిటికెన వేలితో తోస్తే చాలు, వచ్చి ద్వారబంధంలో కూర్చుంటోంది. ఇంట్లో అందరూ హాయిగా ఉన్నారు. నాకు మాత్రం మధ్యాహ్నం నుంచీ ఒకటే చిరాకు, పడుకుంటే నిద్ర పట్టడం లేదు, అందుకే లేచి కూర్చుని ఇది రాస్తున్నా.

వానలు మొదలైన దగ్గర్నుంచీ ఆ తలుపు ద్వారబంధంలో బిగుసుకుపోయి, తీయాలన్నా వేయాలన్నా నానా పాట్లు పడుతున్నాం. ఇవాళ వడ్రంగి బాబాయ్ వచ్చారు. రావడంతోనే ఒకసారి తలుపు లాగి చూసి, మడతబందులు విప్పి, తలుపుని రెండు స్టూళ్ళ మీద పెట్టి చిత్రిక అందుకున్నారు. నేను సుద్దముక్క పట్టుకుని పక్కనే నిలబడ్డాను. "బాబాయ్, ముందు ఎక్కడ రాసుకుంటోందో చూద్దాం. ద్వారబంధానికి సుద్ద పూసి ఒకసారి తలుపు వేస్తే, తగిలే చోట తెల్లగా అంటుకుంటుంది కదా, అంతవరకే తీయండి" అన్నాను. "నే చూసుకుంటాలేమ్మా" అన్నారు. పై బందు స్క్రూలు వదులయ్యాయేమో చూడండి అని కూడా అన్నాను. పై బందు వదులైతే తలుపు ముందుకు వాలి, కింది మూల గడపకి రాసుకుంటుంది. అదే కారణమైతే చిత్రికతో పనే లేదు, స్క్రూ తీసి ఆ రంధ్రంలో జిగురు రాసిన అగ్గిపుల్లలు కుక్కి, ఆరాక మళ్ళీ బిగిస్తే తలుపు తన చోటుకి తను వచ్చేస్తుంది. ఆ మాటకి జవాబే రాలేదు. ఈయన అరుగు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ "ఆయన పని ఆయన్ని చేయనివ్వు" అన్నారు. అక్కడితో నేను లోపలికి వచ్చేశాను.

గొళ్ళెం వైపు అంచు మొత్తం, పైనుంచి కిందిదాకా పట్టేశారు. పొట్టు కుప్ప పడింది. రంగు పోయి చెక్క తెల్లగా బయటపడ్డ ఆ అంచుని అలాగే వదిలేసి, బందులు బిగించి వెళ్ళిపోయారు. రంగు సంగతి అడిగితే "ఆరాక వేసుకోండమ్మా" అన్నారు.

నా బాధ ఏమిటంటే, ఇది వానాకాలం. చెక్క ఇప్పుడు తేమ పీల్చుకుని ఉబ్బి ఉంది. ఉబ్బడం కూడా అన్ని వైపులా ఒకేలా ఉండదు. పచ్చి కర్ర పూర్తిగా ఎండేలోపు అడ్డంగా, అంటే పోగులకి అడ్డంగా, నూటికి సుమారు 3 నుంచి 10 పాళ్ళ దాకా కుంచించుకుపోతుంది, కోతని బట్టి. పొడవులో మాత్రం నూటికి 0.1 నుంచి 0.2 పాళ్ళు, అంతే. ఎండిన చెక్క తేమకి మళ్ళీ ఉబ్బినా అంతే, పెరుగుదలంతా వెడల్పులోనే. మా పెరటి తలుపు పక్కపక్కన పలకలు పేర్చి వెనక అడ్డపట్టీలు కొట్టిన రకం. ప్రతి పలకా కాస్త కాస్త ఉబ్బితే అన్నీ కలిసి చివరి అంచు దగ్గర తేలతాయి. పాతకాలం వాళ్ళు చట్రం చేసి, అందులో గాడి తీసి, జిగురు పెట్టకుండా పలకని ఆ గాడిలో వదులుగా కూర్చోబెట్టేది అందుకే. పలక లోపల ఎంత ఉబ్బినా గాడిలోనే సర్దుకుంటుంది, తలుపు కొలత పెద్దగా మారదు. మా వీధి తలుపు అలాంటిదే, ఎన్ని వానలు పడనీ దానికి ఏమీ కాలేదు.

ఈ వానలో తీసేసినంతా ఎండలు వచ్చాక సందుగా కనబడుతుంది. దానికి తోడు, రంగు లేని అంచు తేమని ఇంకా ఎక్కువ తాగుతుంది. అంటే ఈ వానలు వెళ్ళేలోపు ఇంకోసారి బిగుసుకున్నా ఆశ్చర్యం లేదు. అప్పుడు మళ్ళీ చిత్రిక అంటారు.

ఇదంతా నాకు పుస్తకాల్లో చదివితే వచ్చింది కాదు. మా పుట్టింట్లో వంటగది వెనక తలుపు ఒకటి ఉండేది. నా చిన్నప్పుడు ప్రతి వానాకాలం దానికి చిత్రిక పట్టించేవారు, ప్రతి ఎండాకాలం దాని సందులో అమ్మ పాతగుడ్డలు కుక్కేది. ఒక ఎండాకాలం ఆ సందులోంచే తేలు వచ్చింది. అమ్మ చీకట్లో మంచినీళ్ళకి లేచి, కాలు పెట్టబోయి, ఎందుకో ఆగి లైటు వేసింది. కాలికి జానెడు దూరంలో ఉంది. ఆ రాత్రి అమ్మ ఏడవలేదు, అరవలేదు, తేలుని చంపేసి వచ్చి నా పక్కన పడుకుని పొద్దున దాకా నా చెయ్యి వదల్లేదు. నాన్న తెల్లారగానే తలుపు ఊడదీశారు.

వడ్రంగిని పిలవలేదు, తనే చేశారు. గొళ్ళెం వైపు అంచుకి సన్నటి చెక్కపట్టీ ఒకటి జిగురు పెట్టి మేకులు కొట్టి అతికించారు. తర్వాత తలుపుని వసారాలో పడుకోబెట్టి చుట్టూ అంచులకి అవిసె నూనె పట్టించడం మొదలుపెట్టారు, ముఖ్యంగా పై అంచుకీ కింది అంచుకీ. మామూలుగా రంగు వేసేవాళ్ళెవరూ ఆ రెంటి జోలికి పోరు, కంటికి కనబడవు కాబట్టి. పోగుల చివర్లు తేలేది అక్కడే, నీళ్ళు లోపలికి పాకేదీ అక్కడే. నాన్న కింది అంచుకి ఒక పూత వేసి, అది ఇంకిపోయాక ఇంకోటి వేసి, అలా తాగినంత తాగించారు. నేను పక్కన కూర్చుని నూనె గిన్నె పట్టుకున్నాను. పనయ్యాక నూనె గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయబోతే ఒక్క కేక వేశారు. నాన్న నా మీద గొంతు పెంచడం నాకు గుర్తున్నంతలో అదొక్కసారే. నా చేతిలోంచి గుడ్డలు లాక్కుని, ఒక్కోదాన్నీ విడదీసి ప్రహరీగోడ మీద పరిచి, గాలికి ఎగరకుండా రాళ్ళు పెట్టారు. నేను ఏడుపు మొహం పెట్టుకుని నిలబడితే, కూర్చోబెట్టి చెప్పారు. ఆ నూనె ఆరడమంటే నీళ్ళలా ఆవిరైపోవడం కాదట, గాలిలోని ఆక్సిజన్ని పీల్చుకుని గట్టిపడటమట, అలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుందట. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. ఉండ చుట్టి పెడితే వేడి లోపలే పేరుకుని, ఎవరూ నిప్పు పెట్టకుండానే గుడ్డ అంటుకుంటుంది. ఆ మాట వినగానే నాకు గుండె ఝల్లుమంది, ఆ మూలలోనే పుల్లలూ పిడకలూ ఉండేవి మరి.

ఆ తలుపుకి మళ్ళీ చిత్రిక పట్టించిన గుర్తు లేదు. వానాకాలంలో కాస్త గట్టిగా తోయాల్సి వచ్చేది, అంతే. నాన్న పోయాక ఆ ఇల్లు అమ్మేశాం, ఆ తలుపు ఇప్పుడు ఉందో లేదో. నాకు ఇవాళ అంత కోపం రావడంలో ఆ తలుపు మీద ప్రేమ కూడా ఉందేమో. అలా పని చేసిన మనిషి పక్కన కూర్చుని నేర్చుకున్నది, ఈ పెరట్లో సుద్దముక్క పట్టుకుని చెప్తే ఒక్కరూ తల తిప్పి చూడకపోతే ఎలా ఉంటుంది? తీసిపారేసినట్టు అనిపించింది. ఇదే మాట ఈయన చెప్పి ఉంటే బాబాయ్ ఒక్క నిమిషం ఆగి వినేవారు, నాకు అనుమానం లేదు.

ఇంతవరకూ రాసి ఆగాను, మంచినీళ్ళు తాగి వచ్చాను. వంటింట్లోంచి ఆ తలుపు కనబడుతుంటే సాయంత్రం సంగతి గుర్తొచ్చింది.

సాయంత్రం అత్తయ్య ఉతికిన బట్టల బకెట్ పట్టుకుని పెరట్లోంచి వచ్చారు. బకెట్ కింద పెట్టలేదు. మోచేత్తో తలుపు తోసుకుని లోపలికి వచ్చి, వెనక్కి తిరిగి మడమతో మూసేసి, తన దారిన తను వెళ్ళిపోయారు. అంతే, ఏమీ అనలేదు. వానలు మొదలైన దగ్గర్నుంచీ ఆవిడ ఆ తలుపుని రెండు చేతులా పట్టుకుని, కాలు గడపకి తన్నిపెట్టి లాగుతున్నారు. ఆవిడకి మణికట్టు నొప్పి, దాని గురించి ఇక్కడ ఎన్నిసార్లు రాశానో. బకెట్ దించడం, తలుపు లాగడం, బకెట్ ఎత్తడం, మళ్ళీ దించి తలుపు తోయడం. రోజులో ఎన్నిసార్లు తిరుగుతారో ఆ దారిలో.

నేను అడిగిన పని జరగాలంటే ఏం కావాలి? తలుపు ఊడదీసి ఆరబెట్టాలి. వానలో అది ఆరదు. తడిగా ఉన్న చెక్క మీద రంగు వేస్తే తేమ లోపలే ఇరుక్కుని రంగు పొక్కులు లేచి ఊడిపోతుంది, కాబట్టి "ఆరాక వేసుకోండి" అన్న బాబాయ్ మాటలో తప్పు లేదు. మరి నాన్న పద్ధతి? నాన్న చేసింది ఎండాకాలంలో. అంటే నేను నిజంగా అడిగింది ఎండలు వచ్చేదాకా ఆగుదామనే. ఆగేది నేనే, కానీ లాగేది అత్తయ్య. బాబాయ్ వస్తూనే, వాకిట్లో మణికట్టుకి గుడ్డ కట్టుకుని కూర్చున్న ఆవిణ్ణి పలకరించి "తలుపు లాగలేకపోతున్నావా అక్కా" అన్నారు. అప్పుడు నా చెవికి అది మామూలు పలకరింపులాగే తోచింది. ఎండాకాలంలో సందు వస్తే నాన్న అతికించినట్టే ఒక పట్టీ అతికించుకోవచ్చు. ఆ మణికట్టుకి అతికించే పట్టీ లేదు.

అందుకని ఆ తలుపు సంగతిలో నా కోపం సగానికి పైగా దిగింది. పూర్తిగా దిగిందని చెప్పను. సుద్ద పూసి చూడటానికి పట్టేది రెండు నిమిషాలు, స్క్రూలు చూడటానికి ఇంకో రెండు. అంచు మొత్తం పట్టకుండా, తగిలే చోట మాత్రమే తీసినా అత్తయ్యకి అంతే తేలిగ్గా తెరుచుకునేది. నా మాట వినకపోవడం, అత్తయ్య చెయ్యి, ఈ రెండూ వేర్వేరు విషయాలు. ఇక సాయంత్రం ఈయన ఆ తెల్లటి అంచుకి కొవ్వొత్తి రుద్దుతానని బయల్దేరారు, నునుపుగా జారుతుందని. ఆపేశాను. మైనం పట్టిన చెక్క మీద తర్వాత రంగు నిలవదు. వాన నాలుగు రోజులు తెరిపిచ్చి ఎండ కాసిందంటే ముందు గరుక్కాగితం పట్టి ఆ అంచుకీ, పైకీ కిందకీ నూనె పట్టిస్తాను. ఎవరినీ పిలవను. పెద్దోడు తలుపు పట్టుకుంటే చాలు.

పెద్దోడంటే గుర్తొచ్చింది, స్నానాలగది కుళాయి కారడం ఆగింది. వాడే వాషర్ మార్చాడు. నేను మెయిన్ వాల్వ్ కట్టమని గుర్తు చేశాను, అంతే, మిగతాదంతా వాడే. పాత వాషర్ చేతిలో పెట్టి, రబ్బరు ఎలా గట్టిపడి గాడి పడిపోయిందో చూపించాడు. చాలా సంతోషమేసింది.

కుళాయి సరే, నీళ్ళు ఎక్కాలిగా ట్యాంకులోకి. రాస్తుంటే తట్టింది, నా అసలు బాధ తలుపు కాదేమో, మోటారేమో. బావిలో పైపు అడుగున, నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదు. రాత్రి మోటారు కట్టేస్తే తెల్లారేసరికి పైపులో నీళ్ళన్నీ బావిలోకి జారిపోయి లోపల గాలి నిండుతుంది. ఆ మోటారు గాలిని లాగలేదు. పైపు నిండేదాకా పైనుంచి నీళ్ళు పోయాలి, పోసిన నీళ్ళు కారిపోయేలోపే స్విచ్ వేయాలి. ఒక్కోరోజు మొదటిసారికే అందుకుంటుంది, ఒక్కోరోజు పోసి పోసి నడుం పట్టేస్తుంది. వాల్వ్‌లో చెత్త ఇరుక్కుందో, తోలు అరిగిందో పైపు పైకి తీస్తే గానీ తెలియదు.

ఎప్పుడు అడిగినా ఈయన ఒకటే మాట, ఎండలు రానీ అని. ఆయన లెక్క తప్పని కూడా అనలేను. మోటారు పైనుంచి ఎంత లాగినా, గాలి ఒత్తిడి నీళ్ళని 10 మీటర్ల పై చిలుకు ఎత్తు దాకానే నెట్టగలదు, పైపు రాపిడీ మోటారు తరుగూ పోతే చేతికి వచ్చేది 7 మీటర్లే. కాబట్టి ఎండాకాలంలో నీళ్ళు కిందికి దిగితే మోటారుని బావిలో కింది గట్టు మీదకి దించక తప్పదు, అప్పుడెలాగూ పైపు విప్పుతాం, ఒకే పనిలో రెండూ అయిపోతాయి అంటారు. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. మధ్యాహ్నం నేను బాబాయ్‌తో మాట్లాడినప్పుడు నా మాట కూడా ఇంత సబబుగానే ఉంది. తేడా ఏమీ లేదు, అక్కడ లాగేది అత్తయ్య, ఇక్కడ పోసేది నేను.

పైపు తీయడానికి పెద్ద బలగం అక్కర్లేదు, తాడు, ఇద్దరు మనుషులు, ఒక పూట. పెద్దోడు సరేనన్నాడు. వచ్చే ఆదివారం తీయాలని పొద్దున చెప్తాను. మళ్ళీ ఎండలు అన్నారంటే వాదించను, అప్పటిదాకా నీళ్ళు పోసే మగ్గు ఆయన చేతికే ఇస్తాను, ఓ వారం పోయాక మాట్లాడుకుందాం.