శాలిహుండం కొండ మీద మాస్టారి పంచశీల

శ్రీకాకుళంలోనే ఉంటూ శాలిహుండం అనే పాత బౌద్ధ క్షేత్రం చూడనివాళ్లు చాలామంది ఉన్నారు, అరసవల్లి, శ్రీకూర్మం చూసుకుని కళింగపట్నం బీచ్‌కి వెళ్లిపోతారు గానీ అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఈ కొండ ఎవరికీ గుర్తురాదు, నాకది నిజంగా బాధగా ఉంటుంది. ఈసారి బుద్ధ పౌర్ణమికి మా వీధిలో ఉండే రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య వెళ్తున్నారని తెలిసి నేనూ వాళ్లతో ఆటో ఎక్కేశాను.

ఎండ మండిపోతోంది. మెట్లెక్కి పైకెళ్లేసరికి ఒక పక్క వంశధార, దూరంగా సముద్రం, కాళ్ల దగ్గర పాత ఇటుకల స్తూపాలు, చైత్యగృహాలు అనే బౌద్ధ ప్రార్థనా మందిరాలు. ఈ చోటుని 1919లో గుర్తించింది మన గిడుగు రామమూర్తి పంతులు గారే. తవ్వకాల్లో ధాతు కరండాలతో (అస్థికలు దాచే భరిణెలతో) పాటు తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు కూడా దొరికాయి, అంటే బౌద్ధంలో తొలినాటి శాఖ హీనయానం నుంచి తర్వాత వచ్చిన తాంత్రిక శాఖ వజ్రయానం దాకా వందల ఏళ్లు ఈ కొండ మీద ధర్మం నడిచిందన్నమాట.

మాస్టారు చెప్పులు విప్పేసి, కాలిపోతున్న నేల మీద స్తూపం చుట్టూ మెల్లగా తిరిగారు. తర్వాత కాస్త నీడ చూసుకుని కూర్చున్నాక నేనే అడిగాను, బౌద్ధంలోకి ఎందుకొచ్చారు మాస్టారూ అని.

"మా చిన్నప్పుడు టీ దుకాణంలో మాకు వేరే గ్లాసు ఉండేదమ్మా, తాగి మేమే కడిగి పెట్టాలి. అంబేడ్కర్ గారు 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధ దీక్ష తీసుకున్నారని చదివినప్పుడు, ఆ గ్లాసు పక్కన పడేయడానికి ఒక దారుందని అనిపించింది" అన్నారు. ఆయన్ని ఇటు తీసుకొచ్చింది ధ్యానమో ప్రశాంతతో కాదు, మనిషిగా నిలబడాలన్న పట్టుదల. ఈ మాట చాలామందికి తెలియాలి, బౌద్ధం అంటే ఒత్తిడి తగ్గించే క్లాసు అనుకునేవాళ్లే ఎక్కువైపోయారు.

"మరి దీక్ష తీసుకోగానే మారిపోయారా?" అంటే ఆయన నవ్వి అశోకుడి కథ ఎత్తుకున్నారు. కళింగ యుద్ధంలో లక్ష మంది చనిపోయారు, లక్షా యాభై వేల మందిని పట్టుకుపోయారు, అందుకు పశ్చాత్తాపపడి ఆయనే శాసనం వేయించాడు, ఆ పోయినవాళ్లు మన నేల మనుషులే. అంత చూసినవాడు కూడా ఉపాసకుడయ్యాక (సంసారంలో ఉంటూనే బౌద్ధం పాటించేవాడయ్యాక) ఏడాది పాటు పెద్దగా శ్రద్ధ పెట్టలేదని, భిక్షువుల సంఘానికి దగ్గరయ్యాకే గట్టిగా పూనుకున్నానని తన చిన్న శిలాశాసనంలో ఒప్పుకున్నాడు, అది మన కర్నూలు వైపు ఎర్రగుడిలోనూ ఉంది.

"ఈయనకి ఏడాది ఏటి, ఇంకా ఎక్కువే పట్టింది" అని ఆవిడ అందుకున్నారు. పంచశీల అంటే బౌద్ధులు పాటించే అయిదు నియమాలు, అందులో అయిదోది, సురామేరయ... మత్తు జోలికి పోనని. మిగతా నాలుగూ గడగడా చదివేసి అయిదోది వచ్చేసరికి గొంతు తగ్గించేవారట. ఇంట్లో కంచం విసిరేసే మనిషి, ఇప్పుడు తిన్న కంచం తనే తీసి కడిగి బోర్లిస్తున్నారు. "నాకు ఆ అయిదోదే అర్థమైంది, బుద్ధుడు మంచోడే అనుకున్నాను" అన్నారు ఆవిడ.

మరి మీరూ దీక్ష తీసుకున్నారా అంటే లేదన్నారు. మాస్టారు అంబేడ్కర్ గారు దీక్షప్పుడు చేయించిన, హిందూ దేవుళ్లని పూజించనన్న మాట కూడా ఉన్న ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేసినవాళ్లు, ఏ గుడిలోనూ దండం పెట్టరు. ఈవిడ మాత్రం ఏటా రథసప్తమికి అరసవల్లి వెళ్లాల్సిందే. ముందు ఇద్దరికీ దీని మీద పెద్ద గొడవలే అయ్యేవట. ఇప్పుడు ఆయనే తెల్లారగట్ల స్కూటర్ మీద తీసుకెళ్లి, క్యూ దగ్గర దింపి, దర్శనం అయ్యేదాకా బయట టీ కొట్టు దగ్గర కూర్చుంటారు.