నూనె మోకాలికి కరెంటు

మళ్లీ బాపు గొడవే. పదకొండున్నర దాటింది, నిద్ర పట్టట్లేదు, ఇక మీరే భరించాలి.

సాయంత్రం స్కూల్ నుంచి వచ్చేసరికి బాపు మంచం మీద కూర్చుని, నొప్పి తగ్గడానికి చర్మం మీంచి సన్నగా కరెంటు పంపే టెన్స్ మిషన్ ప్యాడ్లను మోకాలికి అదుముతున్నాడు. అవి జారిపోతున్నాయి. దగ్గరికి వెళ్తే గుప్పున నువ్వుల నూనె వాసన. మర్దన చేసుకుని, ఆ జిడ్డు మీదే అంటించాడన్నమాట. నాలుగింటికీ జిగురు పోయింది. ఒకదానికి దుప్పటి నూగు, ఇంకోదానికి తెల్ల వెంట్రుక. కొని ఇరవై రోజులు కాలేదు! ఉత్తగా ఎండిన జిగురైతే నీటి చుక్క రాస్తే కాస్త లేస్తుంది. నూనె పట్టినదానికి ఏం చేస్తాం? పైగా అంచు ఒక్కటే అంటుకుంటే కరెంటంతా అక్కడే చురుక్కుమంటుంది. "గుచ్చుతాంది బిడ్డా" అన్నాడు. గుచ్చదా మరి!

"సబ్బుతో కడగాలె, మంచిగ తుడవాలె, ఆరినంక పెట్టుకోవాలె. ఎన్నిసార్లు చెప్పాలె బాపూ?" అని గట్టిగానే అరిచాను. ఆయన ఏమీ అనలేదు. వైర్లు చుట్టి డబ్బాలో పెట్టేశాడు. మారు మాట్లాడకపోతే నాకు ఇంకా మండుతుంది.

అసలు కరెంటంటే ఈయనకున్న భయం ఇంతా అంతా కాదు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, పరకాల దగ్గర మా బావికి త్రీఫేజ్ రాత్రిపూటే వచ్చేది. బ్యాటరీ లైటు పట్టుకుని నేనూ వెంట వెళ్లాను. వాన పడి స్టార్టర్ డబ్బా తడిసింది. పచ్చ బటన్ నొక్కాడో లేదో, ఎవరో తోసినట్టు ఒడ్డు మీద వెల్లకిలా పడ్డాడు. నేను ఉరకబోతే, పడ్డచోటి నుంచే "ముట్టకు!" అని కేక. లైటు చేతిలోంచి జారి బురదలో పడి, అక్కడే వెలుగుతూ ఉంది. ఆ తర్వాత చాన్నాళ్లు ఎండు వేపపుల్లతోనే బటన్ నొక్కేవాడు. ఇంట్లో ఫ్యాన్ వేయాలన్నా చెప్పులు తొడుక్కునేవాడు.

అలాంటాయన హన్మకొండలో ఫిజియోథెరపీ అమ్మాయి "కరెంటు పెడతం తాతా" అనగానే లేచి నిలబడ్డాడు. దెబ్బ తగిలితే అక్కడ రుద్దుకుంటాం కదా, ఇదీ అంతేనని నచ్చజెప్పాను. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పిన సంగతి దాదాపు ఇదే: స్పర్శను మోసే లావు నరాల సందడి పెరిగితే, వెన్నుపాములో నొప్పి వెళ్లే తలుపు కొంత మూసుకుంటుంది. రోమన్ల కాలంలో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు కరెంటు కొట్టే చేపనే నొప్పికి వాడించాడని కూడా చెప్పా. "మన చెరువుల కొర్రమట్టలకు ఆ తెలివి లేకపాయె" అన్నాడు. ఆ రోజు మాత్రం బాగా నవ్వాం.

అరిగిన కీలును ఈ మిషన్ ఏమీ బాగుచేయదు. తీసేశాక కాసేపటికి నొప్పి మళ్లీ హాజరు. డబ్బు దండగ అనే రాద్దామని కూర్చున్నాను నిజానికి. కానీ ఆ కాసేపట్లోనే కదా ఆయన మెట్లు దిగి, వీధి చివర చాయ్ తాగి వచ్చేది. ఇవాళ పోలేదు.

ఇంతవరకు టైప్ చేసి నీళ్ల కోసం లేచాను. బాత్‌రూమ్‌లో లైటు. బాపు స్టూల్ మీద కూర్చుని, నాలుగు ప్యాడ్లనూ బట్టల సబ్బు పెట్టి రుద్దుతున్నాడు.

"నువ్వు చెప్పినట్టే చేస్తాన గద" అన్నాడు.