కొండవాలు మీద మూడో చలికాలం

అయిదింటికి ఆఫీసు వదిలి, ట్రామ్ దిగేసరికి ఇంటి దగ్గర అమ్మకి రాత్రి పది కావస్తుంది. చలికాలంలో నాలుగున్నర గంటల తేడా. పడుకునే ముందు నా గొంతు వినందే ఆవిడకి నిద్ర పట్టదు. నేనేమో సరిగ్గా అప్పుడే మెట్లెక్కుతూ ఉంటాను.

"ఎందుకురా అలా రొప్పుతున్నావు? ఎవరైనా తరుముతున్నారా?"

"మెట్లెక్కుతున్నానమ్మా."

"లిఫ్టు లేదా మరి?"

"కొండకి లిఫ్టేంటమ్మా!"

ఈ సంభాషణ రెండేళ్లకి పైగా ఏ మార్పూ లేకుండా జరుగుతోంది. కొత్తలో వీడియో కాల్‌లో కిటికీ బయట చెట్లు చూపించినప్పటి నుంచి ఆవిడ దృష్టిలో నేను అడవిలో ఉంటున్నాను. ఊళ్లో ఇల్లు అద్దెకి తీసుకునే స్తోమత లేక, పాపం. అక్కడి నుంచి స్టుట్‌గార్ట్ నడిబొడ్డుకి ట్రామ్‌లో పది, పదిహేను నిమిషాలేనంటే నమ్మదు.

జర్మనీలోని ఈ స్టుట్‌గార్ట్ ఒక డేగిసాలో కూర్చున్న ఊరు. ఇక్కడి వాళ్లు కూడా నగరం మధ్య భాగాన్ని 'కెసెల్' అనే పిలుస్తారు, అంటే కాగు లాంటిది. అడుగున స్టేషను, షాపులు, ఆఫీసులు. చుట్టూ అంచుల మీద ఇళ్లు, ద్రాక్షతోటలు, అడవి. మా ఇల్లు హెస్లాఖ్ పేటకి పైన, ఇళ్లు అయిపోయి చెట్లు మొదలయ్యే చోట. పాతకాలపు ఇంట్లో పైకప్పు కింది వాటా. కప్పు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి మొదటి నెలంతా నుదుటి మీద బొప్పి. రెండో నెలకి వంగి లేవడం అలవాటైపోయింది.

నిజానికి ట్రామ్ స్టాపు పక్కనే కొండెక్కే కేబుల్ రైలుంది. 1929 నాటిది, రెండే రెండు టేకు చెక్క పెట్టెలు, ఒకటి ఎక్కుతుంటే ఇంకొకటి దిగుతుంది. పైన దింపేది శ్మశానం దగ్గర. అందుకే దానికి ఊళ్లో 'వారసత్వం కొట్టేసేవాళ్ల ఎక్స్‌ప్రెస్' అని ముద్దుపేరు. ఉదయం తొమ్మిది దాటాక మొదలై సాయంత్రం ఆరులోపే ఆగిపోతుంది. పోయినవాళ్లని చూడబోయేవాళ్లకి తప్ప ఉద్యోగానికి పోయేవాళ్లకి పనికిరాదన్నమాట. కాబట్టి మెట్లే గతి. ఊరు మొత్తం మీద ఇలాంటి మెట్లదారులు నాలుగు వందలకి పైనే ఉన్నాయి. ఇక్కడి యాసలో 'ష్టెఫెలె' అంటారు. ఒకప్పుడు ఈ వాలులన్నీ ద్రాక్షతోటలే. గంపలు మోసుకుని ఎక్కి దిగడానికి కూలీలు వాడిన మెట్లే తర్వాత ఇళ్ల మధ్య సందులయ్యాయి. నా దారిలో రెండు వందల పద్నాలుగు. లాప్‌టాప్ బ్యాగుతో, బియ్యం మూటతో, ఒకసారి విప్పని టేబులుతో కూడా ఎక్కాను. టేబులు రోజున మాత్రం అమ్మ ఫోను చేస్తే నేను ఎత్తలేదు.

నా ఆఫీసు ఫైహింగెన్‌లో. కార్లలోని సాఫ్ట్‌వేర్‌కి టెస్టింగ్. మా టీమ్‌లో తెలుగువాళ్లు చాలామంది బోబ్లింగెన్, సిండెల్‌ఫింగెన్ వైపు ఉంటారు. ఆదివారాలు కలిసి వండుకుంటారు, పిల్లల పుట్టినరోజులు చేస్తారు. "సన్యాసం ఎప్పుడు పుచ్చుకుంటున్నావురా?" అని నన్ను ఏడిపిస్తారు. ఒప్పుకోవాలి, ఇల్లు ఏరికోరి తీసుకున్నది కాదు. ఇరవైకి పైగా ఇళ్లకి అప్లై చేస్తే ఒక్కరు పిలిచారు. వెళ్లి చూసి, వాళ్లు మనసు మార్చుకునేలోపు సరేననేశాను.

మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. చప్పుడు లేదు, అదే సమస్య. ఏ రెండింటికో నెత్తి మీద టక్కుమంది. కాసేపటికి మళ్లీ టక్కు. దొంగలనుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. తెల్లారి చూస్తే కప్పు మీద ఓక్ కాయలు రాలుతున్నాయి. ఇంకో వారానికి కింది గడ్డినేలంతా ఎవరో గునపంతో తవ్వినట్టు తిరగేసి ఉంది. అడవిపందులట. వీటిని మించిన భయం పిడుదులు. ఈ రాష్ట్రంలో అవి కుడితే మెదడుకి జ్వరం రావచ్చని టీకా వేస్తారు, మూడు డోసులు. డాక్టరు ఎడ్రస్ చూసి "అడవి పక్కనేనా" అని అడిగి, వేరే మాట లేకుండా సూది తీసింది. ఈ విషయం అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

మా కింది వాటాలో ఒక పెద్దావిడ ఉంటుంది. డెబ్భై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లకి పైగా అదే ఇంట్లో. నా జర్మన్‌కి దిక్కు ఆవిడే, కానీ ఆవిడ మాట్లాడేది ష్వాబియన్ యాస. ప్రతి పదం చివరా 'లె' తగిలించి చిన్నదీ ముద్దుదీ చేసేస్తుంది. ఇల్లు 'హోయ్‌స్‌లె', కొంచెం 'బిస్‌లె'. నాలాంటి వాళ్లకి పర్మనెంట్ రెసిడెన్సీ ఇరవై ఒక్క నెలలకే రావాలంటే బీ1 అనే జర్మన్ భాషా పరీక్ష పాసవ్వాలి. మాట్లాడే పరీక్షలో రెండుసార్లు 'బిస్‌లె' అన్నాను. పరీక్షకురాలు నవ్వు ఆపుకోవడం కనిపించింది. పాసయ్యాను, అది వేరే సంగతి.

ఈ నిశ్శబ్దం వెనక కథ కూడా ఆవిడ వల్లే తెలిసింది. "ఇదంతా ఇప్పుడు. అప్పట్లో కింద లారీలు పోతుంటే ఇక్కడ గిన్నెలు మోగేవి" అంది ఓసారి. 1991లో హెస్లాఖ్ కింద రెండు కిలోమీటర్లకి పైగా సొరంగం తెరిచారు. హైవే బండ్లు అందులోంచి పోతున్నాయి కాబట్టే నాకు ఓక్ కాయ చప్పుడు వినపడుతోంది.

మా ఇంటి పక్కన ఒక ఖాళీ జాగా ఉంది. ఇళ్లకి ఇంత కరువున్న ఊళ్లో, వాలు మీద నిక్షేపంలాంటి స్థలం, గడ్డి తప్ప ఏమీ లేదు. ఏదో కోర్టు తగాదా అనుకున్నాను, మన బుర్ర అటే పోతుంది. ఆవిడ నవ్వి, "అది గాలి దారి" అంది. డేగిసాలో ఉన్న ఊరికి గాలి ఆడదు. ఎండాకాలం పగలంతా కాగిన కాంక్రీటు రాత్రి కూడా చల్లారదు. చీకటి పడ్డాక అడవిలో, గడ్డినేలల మీద చల్లబడ్డ గాలి బరువెక్కి, నీళ్లలా పల్లానికి జారుతుంది. దానికి ఇళ్లు అడ్డం కట్టేస్తే కింద జనం ఉడికిపోతారు. అందుకే వాలుల మీద ఎక్కడ కట్టొచ్చో, ఎక్కడ వదిలెయ్యాలో చూస్తారు. ఈ నగరపాలక సంస్థ 1938 నుంచే వాతావరణ నిపుణుల్ని పెట్టుకుంది. జూన్ రాత్రుల్లో కిటికీ తెరిచి పడుకుంటే, పదిన్నర పదకొండుకి కర్టెన్ మెల్లగా లోపలికి ఉబ్బుతుంది. ఊళ్లోకి పోయే గాలి దారిలో మా గదిని పలకరించి పోతోందన్నమాట.

ఇలాంటి చోట ఉండడానికి అద్దె ఒక్కటీ కడితే చాలదు. పని కూడా చెయ్యాలి. 'కేర్‌వోఖె' అని ఒక అట్టముక్క ఉంటుంది, ఊడ్చే వారం అని దానర్థం. ఎవరి గుమ్మానికి వేలాడితే ఆ వారం మెట్లు, నడవా వాళ్లు తుడవాలి. చలికాలంలో ఇంటి ముందు మంచు తియ్యడం కూడా మా ఇంట్లో ఆ అట్టతోనే వస్తుంది. ఉద్యోగాల రోజుల్లో ఏడింటికల్లా కాలిబాట శుభ్రంగా ఉండాలి.

మొదటి చలికాలం నా వంతు వచ్చిన వారమే ఆఫీసులో రిలీజ్. అర్ధరాత్రి దాకా కూర్చుని, అలారం ఆపేసి పడుకున్నాను. ఏడున్నరకి బరబరా చప్పుడు. కిటికీలోంచి చూస్తే ఆవిడ, ఊలు టోపీ పెట్టుకుని, నా వంతు మంచు పారతో తోస్తోంది. స్వెట్టర్ తిరగేసి తొడుక్కుని పరిగెత్తాను. పార ఇమ్మంటే ఇవ్వలేదు. కాలు జారకుండా చల్లే చిన్న రాళ్ల బకెట్ చూపించి, "అవి చల్లు" అనే అర్థంలో ఏదో అంది. తిట్టలేదు. ఆ రోజంతా ఆఫీసులో ఒక్క టెస్టు కూడా సరిగ్గా రాయలేకపోయాను.

రెండో చలికాలం నా వంతుల్లో అయిదున్నరకే లేచాను. అప్పటికి కార్ల కంపెనీల్లో కోతల మాట రోజూ వార్తల్లో వస్తోంది. మా దగ్గర కూడా ఎవరి కాంట్రాక్టు పొడిగిస్తారో, ఎవరిది ఆపేస్తారో తెలియని టెన్షన్. క్యాంటీన్‌లో అందరం మాట్లాడేది అదే. ఆ మాటలన్నీ మోసుకుని ట్రామ్ దిగేవాణ్ణి. వందో మెట్టు దగ్గర ఒక బెంచీ ఉంది. అక్కడికి వచ్చేసరికి ఆయాసం తప్ప వేరే ఆలోచన ఉండదు. ధ్యానం అని గొప్పగా చెప్పను, ఊపిరి అందకపోతే ఉద్యోగం ఎవడికి గుర్తుంటుంది! నా కాంట్రాక్టు పొడిగించారు. పక్క సీటు అతనిది పొడిగించలేదు.

ఈ చలికాలం మొదట్లో, అట్టముక్క నా గుమ్మానికి తగిలించడానికి పైకొచ్చి, ఆవిడ ఒక మాట అంది. ఇక నుంచి 'జీ' వద్దు, 'డూ' అనుకుందాం అని. మీరు అనేది మానేసి నువ్వు అనమని. ఇక్కడ అది పెద్దవాళ్లే ముందు అనాలి, చిన్నవాళ్లు అడగకూడదు. రెండేళ్లు దాటాక వచ్చిన మర్యాద. చెయ్యి చాచి తన మొదటి పేరు చెప్పింది. నేనూ చెయ్యి కలిపి, సంతోషం అన్నాను. కానీ మా అమ్మకన్నా పెద్దావిడని నువ్వు అని ఎలా అనను? నోరు తిరగదు. అలాగని మీరు అంటే ఇచ్చిన మర్యాద తిప్పికొట్టినట్టు.

మనకి ఈ విద్య చిన్నప్పటి నుంచీ వచ్చు కదా, వరస తెలియని చుట్టాలతో నువ్వూ మీరూ రెండూ తగలకుండా మాట్లాడ్డం. ఇప్పుడది జర్మన్‌లో చేస్తున్నాను. నిన్న రాత్రి మెట్ల మీద ఎదురుపడితే, వాక్యమంతా మనసులో ఒకసారి సరిచూసుకుని అన్నాను:

"రేపు తెల్లారేసరికి మంచు పడుతుందట. పార నా దగ్గరే ఉంది."