బేస్ గిటార్ బాడీకి కొత్త రంగు: పాతది గీకాలా, వద్దా?

ఫెండర్ ప్రెసిషన్ మోడల్ తరహా బేస్‌కి రంగు మార్చాలనుకోగానే చాలామంది పాత పూత ఊడదీయడానికి ముందు హీట్ గన్ (వేడిగాలి యంత్రం) కొంటారు. చెక్క రేఖలు కనబడాలనుకుంటే తప్ప దాంతో పని లేదు.

ముందు పాత పూత ఏమిటో తేల్చుకోండి. పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) గుంట అంచున, ఎవరికీ కనబడని చోట, దూదితో చుక్క అసిటోన్ అద్దండి. నైట్రో లక్కర్ అయితే జిగటగా మెత్తబడుతుంది. పాలియెస్టర్ అయితే ఉలకదు, పలకదు. తక్కువ ధర బేస్‌ల మీద సాధారణంగా ఉండేది రెండోదే. దాన్ని మించిన అడుగుపూత మళ్లీ వేయలేం. 320 నంబరు గరుకు కాగితాన్ని చదునైన చెక్కముక్కకి చుట్టి, మెరుపంతా పోయేదాకా రుద్ది, దానిమీదే రంగు వేసేయండి. సొట్టలకి కార్లకి వాడే రెండు భాగాల పుట్టీ చాలు. అందులో హార్డెనర్ (గట్టిపరిచే భాగం) ఎక్కువ కలిపితే మాత్రం అది లేత రంగులోంచి మరకై పైకి వస్తుంది.

ఇంకో మాట. ముదురు రంగు కింద అందమైన చెక్క ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. నాలుగైదు ముక్కలు అతికించి, సందుల్లో లప్పం పెట్టిన బాడీలే ఎక్కువ. అయినా గీకాల్సిందే అనుకుంటే వెనకవైపు మొదలుపెట్టండి. గన్‌ని ఒకేచోట ఆపితే చెక్క మాడి నల్లమచ్చ పడుతుంది, అది లోతుగా దిగితే రుద్దినా పోదు. రసాయన ఆవిరిని ఆపే మాస్కు తప్పనిసరి, దుమ్ము మాస్కు చాలదు.

బ్రిడ్జ్ (తీగల కింది చివర్లు ఆనే లోహపు భాగం) దగ్గర జాజ్ (ఫెండర్ జాజ్ బేస్ రకం) పికప్ చేర్చే ఆలోచన ఉంటే ఆ గుంట రంగుకి ముందే రౌటర్ (చెక్క తొలిచే యంత్రం)తో తవ్వాలి. జాజ్ జతలో బ్రిడ్జ్ పికప్ మామూలుగా మెడ వైపు పికప్ కన్నా రెండు మూడు మి.మీ. పొడుగు, కానీ అన్ని కంపెనీలవీ అలా ఉండవు. పికప్ చేతికొచ్చి, కొలిచాకే టెంప్లేట్ కోయండి. లోతు 19 మి.మీ. చాలు. రౌటర్‌ని ఒక్కసారిగా దించకుండా మూడు నాలుగు మి.మీ. చొప్పున దింపండి, లేకపోతే అంచులు పెచ్చులుగా లేస్తాయి. అక్కడినుంచి కంట్రోల్ గుంటలోకి (వాల్యూమ్, టోన్ నాబ్‌లు ఉండే చోటు) వైరు దారికి 6 మి.మీ. పొడవాటి బిట్ కావాలి.

ఇక మెడ కూర్చునే గుంట. దాన్ని రుద్దకండి, రంగూ వేయకండి, టేపు అంటించి వదిలేయండి. రుద్దితే మెడ వదులై తీగలు ఒక పక్కకి జరుగుతాయి. రంగు పేరుకుంటే మెడ బిగుసుకుని, ఊడదీసేటప్పుడు మూలన పెచ్చు లేస్తుంది.

లక్కర్ వేసేటప్పుడు థిన్నర్ సగానికి సగం. చెక్క బయటపడిన బాడీ అయితే ముందు రెండు కోట్లు సాండింగ్ సీలర్ (యాష్ చెక్కకి అంతకన్నా ముందు రంధ్రాలు నింపే ఫిల్లర్), తర్వాత రంగు మూడు నాలుగు, క్లియర్ ఆరు నుంచి ఎనిమిది. రోజుకి మూడు పల్చటి కోట్లు మించొద్దు. వానాకాలంలో కాకినాడ, విశాఖ లాంటి చోట్ల పూత పాలలా తెల్లబారుతుంది. థిన్నర్ వేగంగా ఆవిరై ఉపరితలం చల్లబడి, గాలిలో తేమ దానిమీద పట్టడమే కారణం. కొంచెం రిటార్డర్ (పూత నెమ్మదిగా ఆరేలా చేసే ద్రవం) కలిపి మళ్లీ పల్చగా కొడితే చాలావరకు పోతుంది. అసలు ఆ రోజు కొట్టకపోవడమే మేలు.

తర్వాత మూడు నాలుగు వారాలు వేలాడదీయండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే థిన్నర్ వాసన వస్తోందంటే ఇంకా ఆరనట్టే. తొందరపడి మెరుగు పెడితే తర్వాత పూత కుంగి, చెక్క గీతలు పైకి కనబడతాయి. ఆరాక వాటర్ పేపర్ 800, 1000, 1500, 2000 వరసలో సబ్బునీళ్లతో, ఆపైన రబ్బింగ్ కాంపౌండ్. తడి రుద్దుడికి ముందు స్క్రూ రంధ్రాల లోపల అగ్గిపుల్లతో లక్కర్ పూయండి. నీళ్లు దిగితే చెక్క ఉబ్బి రంధ్రం చుట్టూ పూత పగులుతుంది. చాలా బాడీలు పాడయ్యేది ఇక్కడే. పదును అంచుల మీద కాగితం ఆడించొద్దు, రెండు రుద్దుల్లో రంగు లేచిపోతుంది.

బిగించేటప్పుడు బ్రిడ్జ్ కిందికి వచ్చే ఎర్త్ వైరు మరవొద్దు. దాని చివర ఇన్సులేషన్ తీసిన రాగి తీగ మీద లక్కర్ పడి ఉంటే గీకి, మల్టీమీటర్‌తో బ్రిడ్జ్ నుంచి జాక్ దాకా కంటిన్యుటీ (కరెంటు దారి తెగకుండా ఉందా అని) చూడండి. స్క్రూలకి కాస్త కొవ్వొత్తి మైనం రాసి తిప్పితే పూత లేవదు.

నైట్రో పూత వేసిన బేస్‌ని రబ్బరు చేతుల స్టాండ్ మీద పెట్టొద్దు. ఆ రబ్బరు లక్కర్‌ని కరిగించి అతుక్కుపోతుంది. స్టాండ్ చేతులకి నూలు గుడ్డ చుట్టండి.