లై, లే, లెయిడ్: క్రియల జంటలు నేను ఇలా తేల్చుకున్నాను

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి చదివే మన తెలుగు మీడియం వాళ్లలో చాలామందికి ఇంగ్లిష్ అంటే టెన్షన్ వొకాబులరీ దగ్గరే. నన్నడిగితే, అంతకంటే ముందు రైజ్–రెయిజ్ (rise–raise), లై–లే (lie–lay) లాంటి జంటల సంగతి చూడండి. చిన్న టాపిక్, ఎర్రర్ స్పాటింగ్‌లో, అంటే వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల్లో, బాగా పనికొస్తుంది.

వీటి అర్థాలు బట్టీ పడితే లాభం లేదు. అర్థాలు దగ్గరగా ఉంటాయనే కదా అడిగేది! నేను చేసిందల్లా క్రియ దగ్గర ఆగి ‘దేన్ని?’ అని ప్రశ్న వేసుకోవడం. జవాబు వస్తే రెయిజ్, రాకపోతే రైజ్. ధరలు పెరిగాయంటే ‘రోజ్’, ప్రభుత్వం చార్జీలు పెంచిందంటే ‘రెయిజ్డ్’. పెరగడానికీ పెంచడానికీ తేడా మనకెవరూ నేర్పక్కర్లేదు.

అసలు తిరకాసంతా లై–లే దగ్గరే. పడుకోవడమనే ‘లై’కి గతకాలం ‘లే’, మూడో రూపం ‘లెయిన్’. పెట్టడమనే ‘లే’కి రెండూ ‘లెయిడ్’. అబద్ధమాడే ‘లై’కేమో ‘లైడ్’. ‘హి లెయిడ్ ఆన్ ద బెడ్ ఆల్ డే’ అని ఇస్తారు. చెవికి బాగానే ఉంటుంది. దేన్ని? జవాబు లేదు. కాబట్టి అక్కడ ‘లై’కి గతకాలమైన ‘లే’ రావాలి. శంకుస్థాపన వార్తల్లో ‘లెయిడ్ ద ఫౌండేషన్ స్టోన్’ అని చూస్తుంటాం కదా, అక్కడ రాయి ఉంది, సరిపోయింది. కోడి గుడ్డు పెట్టడం కూడా ఈ పెట్టడమనే ‘లే’యే.

పాసివ్‌లో మాత్రం జాగ్రత్త. ‘ద ఇష్యూ వాజ్ రెయిజ్డ్’లో మన జవాబు వాక్యం మొదట్లోనే కూర్చుని ఉంటుంది. క్రియ తర్వాత వెతికితే దొరకదు.

కొన్ని జంటలకి ఈ ప్రశ్న పనిచేయదు. వాటిని జీకేతో కలిపి రాసుకున్నాను. 1931లో భగత్ సింగ్‌ని ఉరితీశారు కాబట్టి ‘హ్యాంగ్డ్’, గోడకి ఆయన ఫొటో తగిలిస్తే ‘హంగ్’. ఉస్మానియా యూనివర్సిటీని 1918లో స్థాపించారు కాబట్టి ‘ఫౌండెడ్’, పోయిన హాల్‌టికెట్ దొరికితే ‘ఫౌండ్’. చెట్టు దానంతటదే పడితే ‘ఫెల్’, నరికి పడగొడితే ‘ఫెల్డ్’; ఈ జంటకి మాత్రం ‘దేన్ని?’ పనిచేస్తుంది.

సీజీఎల్ మొదటి దశ టైర్ 1లో తప్పుకి అర మార్కు పోతుంది, రెండో దశ టైర్ 2 ఇంగ్లిష్‌లో ఒక మార్కు. అందుకే పాత పేపర్లు చేసేటప్పుడు ‘చెవికి బాగుంది’ అని పెట్టిన జవాబులకి పక్కన చుక్క పెట్టుకోండి. కీ చూశాక ముందు ఆ చుక్కలున్నవే మళ్లీ చదవండి, కరెక్ట్ అయినా సరే.